షౌకీ మొదట చెప్పిన సినిమా

అలెగ్జాండ్రియా, షాత్బీ
సెప్టెంబరు 1986

దౌలత్‌కి, నీ వదిన సలాం.

నువ్వు పంపిన బియ్యం అందాయి. అన్నం పొడిపొడిగా వచ్చింది. ఒంటి మనిషికి అంత బియ్యం ఎందుకని నీతో పోట్లాడదామనుకున్నాను. కానీ పక్కింటివాళ్ళకు కూడా పెట్టి, 'మా ఆడపడుచు పంపింది' అని గొప్పలు చెప్పుకున్నాను కాబట్టి పోట్లాట రద్దు.

నేను బాగానే ఉన్నాను. మీ అన్నయ్య పోయి ఆరు నెలలు దాటాక కూడా టీ రెండు గ్లాసుల్లో పోస్తున్నాను. రెండోది కూడా నేనే తాగుతున్నాను. అందువల్ల నిద్ర తగ్గింది. అంతకు మించి చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు.

ఒక పని మీద రాస్తున్నాను. నిన్న లబీబ్ గారు వచ్చారు. మీ అన్నయ్య తిరిగే సినిమా క్లబ్బుకు కార్యదర్శి. మీ అన్నయ్య పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకు వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయిన పొడుగాటి ఆయన.

ఆ క్లబ్బులో ఏటా చలికాలంలో ఒక తంతు ఉంది. గడిచిపోయిన ఒక సంవత్సరాన్ని తీసుకుంటారు. ఆ ఏడాది వచ్చిన సినిమాల్లో తమకు నచ్చినవి ఒక్కొక్కరూ అయిదు చెప్పాలి. గొప్పవి కాదు, నచ్చినవి. ఎందుకు నచ్చాయో లేచి నిలబడి చెప్పాలి. ఆ తర్వాత ఒకరి మీద ఒకరు అరుచుకోవాలి. ఒకటో రెండో సినిమాల రీళ్ళు కైరో నుంచి అద్దెకు తెప్పించి వేస్తారు. ఈసారి సంవత్సరం 1956. పోయిన చలికాలంలో ఆ ఏడాదిని ఎంచింది మీ అన్నయ్యేనట.

'అమ్మా, షౌకీ కుర్చీ ఖాళీగా ఉంచలేం. ఆయన అయిదూ మీరొచ్చి చెప్పాలి' అన్నారు లబీబ్ గారు.

'నేనా? ఆ క్లబ్బుకొచ్చి నేను చేసింది ఊలు అల్లుకోవడమే కదండీ?'

'అల్లుతూ కూడా మీ కళ్ళు తెర మీదే ఉండేవి. నేను చూశాగా.'

సరే అన్నాను. తీరా చూస్తే ఆయన అయిదు ఏవో నాకు తెలియదు. లబీబ్ గారికి ఆయన ఒక్కటే చెప్పారట. 'మొదటిది మాత్రం నది వైపు కిటికీ. మిగతా నాలుగూ ఆలోచించుకోనివ్వు' అన్నారట. ఆ తర్వాత ఆసుపత్రికి పోవడమే.

ఆ సినిమా పేరు నేనెప్పుడూ వినలేదు దౌలత్. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురం. ప్రతి గురువారం సినిమా. ఇంటికొచ్చేదాకా ట్రాములో వాదన. ఆ పేరు ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. మిగతావి ఊహించగలను. 'తప్పిపోయిన పెళ్ళికొడుకు' తప్పకుండా ఉంటుంది. 'ఉప్పు గాలి' కూడా. 'హలో, ఎక్స్చేంజ్' ఆయనకు పిచ్చి ఇష్టం, నాకు ఒళ్ళు మంట.

ఆ ఏడాది మీరిద్దరూ మన్సూరాలో ఒకే ఇంట్లో ఉన్నారు కదా. నీకు తెలిసినవి రాయి. ఆ కిటికీ సంగతేమిటో కూడా.

ఇన్షిరాహ్


మన్సూరా
అక్టోబరు 1986

వదినకు, దౌలత్ సలాం.

ఇక్కడ వరి కోతలు నడుస్తున్నాయి. ఊరంతా దుమ్ము. హాజీగారికి కాలి బొటనవేలు వాచింది. డాక్టరు మాంసం మానమన్నాడు. 'మాంసం మానడం కంటే ఆ డాక్టర్ని మానడం తేలిక' అంటున్నారు ఈయన. మా అమ్మాయి నజ్లాకు బడిలో ఈ ఏడు పాఠం చెప్పడానికి పై తరగతి ఇచ్చారు. పిల్లల కాపీ పుస్తకాలన్నీ ఇంటికి మోసుకొస్తోంది. ఎర్ర సిరా నా బల్లగుడ్డ మీద ఒలకబోసి, 'మరకే కదమ్మా' అంటోంది. నువ్వే దానికి బుద్ధి చెప్పాలి, నా మాట వినదు.

అన్నయ్య అయిదు సంగతి. నీ మాట సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. 'తప్పిపోయిన పెళ్ళికొడుకు' సరే. ఆ సినిమాలో మామగారు తలపాగా విప్పి వెతికే చోట అన్నయ్య నవ్వి నవ్వి ముందు కుర్చీ ఆయన మీద పుచ్చగింజలు ఉమ్మాడు. పెద్ద తగువైంది. 'ఉప్పు గాలి' మాత్రం నువ్వు పెట్టావే గానీ ఆయనది కాదు. నీకు సముద్రమంటే ఇష్టం కాబట్టి ఆయనకూ ఇష్టమనుకున్నావు. ఆ రోజుల్లో మాకు సముద్రం గొడవే లేదు, మేం నది మనుషులం.

అసలుది నువ్వు మర్చిపోయావు, 'అమ్మమ్మ కేసు'. కోర్టులో ఆ ముసలావిడ మనవణ్ణి గుర్తుపట్టనట్టు నటించే చోట అన్నయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. బయటికొచ్చి, 'ఎవడో సిగరెట్టు కాల్చాడు, కళ్ళల్లో పొగ పడింది' అన్నాడు. కాబట్టి అది రాసుకో. 'దీపం లేని రేవు' కూడా రాసుకో.

ఇక ఆ నది కిటికీయో ఏదో, దాన్ని పట్టించుకోకు. అది చెత్త సినిమా. వారం కూడా ఆడలేదు. పాటలెక్కువ, కథ తక్కువ. లబీబ్ గారు పెద్దవారైపోయారు. ఒకటి చెబితే ఇంకోటి వినపడి ఉంటుంది.

చలికాలం మొదలవుతోంది, కిటికీలు వేసుకుని పడుకో. ఆ రెండో గ్లాసు టీ మానెయ్.

దౌలత్


అలెగ్జాండ్రియా
అక్టోబరు 1986

దౌలత్‌కి,

'అమ్మమ్మ కేసు' రాసుకున్నాను. 'ఉప్పు గాలి' మీద నువ్వన్న మాటకు మొదట ఉడుక్కున్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే నిజమే అనిపించింది. అది నాకే ఇష్టం. వలలు ఎండేసే ఆడవాళ్ళ మీదుగా గాలి వీచేటప్పుడు ఎవరూ ఏమీ మాట్లాడరు చూడు, అది నాకు ఇష్టం. ఇన్నాళ్ళూ ఆయనకని ఎందుకనుకున్నానో.

ఇంకో సంగతి. నీ ఉత్తరంలో 'నది కిటికీయో ఏదో' అన్నావు. ఆ వెంటనే వారం ఆడలేదన్నావు, పాటలెక్కువన్నావు. పేరు కూడా సరిగ్గా గుర్తులేని సినిమాలో పాటలెన్నో గుర్తున్నాయా తల్లీ?

లబీబ్ గారిని అడిగాను. 'పళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదమ్మా. షౌకీ ఆ పేరు చెప్పాడు. ఎందుకయ్యా అంటే నవ్వి, చూస్తే నీకే తెలుస్తుంది అన్నాడు' అన్నారు. క్లబ్బులో ఇంకెవరూ దాన్ని చూడలేదట. అందుకే అందరికీ పట్టుదల పెరిగింది. కైరోలో ఒక గోదాములో రీళ్ళున్నాయని తెలిసి, తెప్పిస్తున్నారు.

క్లబ్బులో అప్పుడే యుద్ధం మొదలైంది. ఓడరేవులో పనిచేసి రిటైరైన ఒకాయనా, మందుల షాపాయనా, 'దీపం లేని రేవు' నచ్చొచ్చా నచ్చకూడదా అని మాటలు మానేశారు. ఒకే బెంచీ మీద కూర్చుని లబీబ్ గారి చేత కబుర్లు పంపించుకుంటున్నారు. వీళ్ళని చూస్తే మీ అన్నయ్య ఇక్కడే ఎక్కడో కూర్చుని నవ్వుతున్నట్టుంటుంది.

నీకు తెలిసింది దాచకుండా రాయి.

ఇన్షిరాహ్


మన్సూరా
నవంబరు 1986

వదినా,

నీకు పంపిన రొట్టెలు హాజీగారి మేనల్లుడు తెచ్చి ఇచ్చాడనుకుంటాను. వెన్న ఎక్కువ వేశాను, వేడిచేసి తిను.

ఆ సినిమా వద్దు. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు. పనికిరాని సినిమా మొదటి చోట పెట్టి, పోయినవాడి పేరు నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు. ఆయనకు నాలుగు మంచి సినిమాలు దొరికాయి. అయిదోది నీకు నచ్చింది పెట్టు, ఎవరు అడుగుతారు?

రీళ్ళు వెనక్కి పంపెయ్యమని లబీబ్ గారితో చెప్పు. నా మాట ఈ ఒక్కసారి విను.

దౌలత్


అలెగ్జాండ్రియా
నవంబరు 1986

దౌలత్,

రొట్టెలు అందాయి. బాగున్నాయి. నీ ఉత్తరం మాత్రం ఆలస్యంగా అందింది, నేను సినిమా చూసిన మర్నాడు.

రీళ్ళు ఎలా ఉన్నాయో చూడాలని లబీబ్ గారు పొద్దున్నే హాలు తెరిచారు. ఆయనా నేనూ, పైన మిషను నడిపే అతనూ, అంతే. డబ్బా మూత తియ్యగానే నిమ్మకాయ ఊరగాయ జాడీ తెరిచినట్టు పుల్లటి వాసన. పాతబడితే ఫిల్ము అలా అవుతుందట.

మొదట చాలాసేపు, మీ అన్నయ్యకు ఇందులో ఏం నచ్చిందా అనే చూశాను. నది ఒడ్డున మేడ, అందులో అక్కాచెల్లెళ్ళు, పై వాటాలో అద్దెకు దిగిన ఇంజనీరు. నువ్వు చెప్పినట్టే పాటలెక్కువ. అప్పుడు చెల్లెలు తడిబట్టల గంప నడుముకు ఆనించుకుని మేడమెట్లు ఎక్కి వచ్చింది. ఇంకా మొహం కనపడలేదు, వీపే కనపడుతోంది. ఆ నడక నాకు తెలుసు దౌలత్. మీ నాన్నగారు పోయినప్పుడు మీ ఇంట్లో నెల రోజులు నీ వెనకాలే తిరిగాను కదా, అలవాటు లేని ఇల్లని. పళ్ళెం పట్టుకున్నా, పిల్లను ఎత్తుకున్నా నువ్వు ఎడమ భుజం కొంచెం దించి నడుస్తావు.

తర్వాత మొహం కనపడింది.

పేర్లలో షాహినాజ్ అని వేశారు. నువ్వేనని నేను ఎవరితోనూ అనలేదు. లబీబ్ గారు కనిపెట్టారేమో నాకు తెలియదు. ఆయన నా వైపు చూడలేదు.

ఒక చోట ఇంజనీరు తనను పెళ్ళికి అడిగాడని అక్క నవ్వుతూ వచ్చి చెబుతుంది. నువ్వు ఇస్త్రీ చేస్తుంటావు. ఏడవలేదు. తలెత్తలేదు. అప్పటికే ఇస్త్రీ అయిపోయిన చొక్కా చేతినే మళ్ళీ మళ్ళీ ఇస్త్రీ చేశావు. చొక్కా మడిచి పక్కన పెట్టి, 'ఎప్పుడు?' అని అడిగావు. అంతే. నా ఊలు కిందపడిపోయింది. మిషను అతను పైనుంచి, 'ఎవరండీ ఈ అమ్మాయి? మళ్ళీ ఏ సినిమాలోనూ చూసినట్టు లేదే?' అని అరిచాడు. 'నాకేం తెలుసు నాయనా' అన్నాను.

నీ మీద నాకు కోపం లేదు. ఆయన మీద ఉంది. ఇంట్లో ఉప్పు అయిపోతే కూడా నాతో చెప్పే మనిషి, ఇంత సంగతి ఇన్నేళ్ళు నా పక్కనే కూర్చుని దాచాడు. కోప్పడదామంటే మనిషి లేడు. ఇంటికొచ్చి ఆయన కుర్చీలో దిండు తీసి బాల్కనీలో దులిపాను, పక్కింటావిడ బయటికొచ్చి చూసేంత గట్టిగా.

చెప్పాలనిపిస్తే చెప్పు.

ఇన్షిరాహ్


మన్సూరా
డిసెంబరు 1986

వదినా,

రాసి చింపి, రాసి చింపి ఇన్నాళ్ళు పట్టింది. నువ్వు మళ్ళీ రాయకుండా ఊరుకున్నావు. అది మంచిపనే.

ఆ ఏడు నాకు పందొమ్మిది. అన్నయ్య నాన్న బట్టల కొట్లోనే ఉండేవాడు. కైరోలో ఒక స్టూడియోకు వేషాలకు కావలసిన గుడ్డ మా కొట్టు నుంచే వెళ్ళేది. ఒకసారి అక్కడే షుబ్రాలో ఉండే మా అత్తయ్యను చూడ్డానికి నేనూ అన్నయ్య వెంట వెళ్ళాను, దారిలో గుడ్డ ఇద్దామని స్టూడియోకు తీసుకెళ్ళాడు. అక్కడ ఒకాయన నన్ను చూసి, 'నువ్వు చదవగలవా అమ్మాయ్?' అని ఒక కాగితం ఇచ్చాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. బయటికి వచ్చాక అన్నయ్య, 'పద, పద, బండి వెళ్ళిపోతుంది' అన్నాడు. నేను కదల్లేదు. 'ఇది చేస్తాను. నువ్వు కాదంటే ఇక్కడే రోడ్డు మీద కూర్చుంటాను' అన్నాను. నిజంగానే కూర్చున్నాను కూడా.

అత్తయ్య దగ్గర కుట్టుపని నేర్చుకుంటోందని నాన్నకు చెప్పాడు. ఆ వసంతమంతా అత్తయ్య ఇంటి నుంచి స్టూడియోకు. అన్నయ్య వీలైనప్పుడల్లా వచ్చి, దూరంగా గోడకానుకుని నిలబడేవాడు. ఇంటికొచ్చేటప్పుడు, 'ఇవాళ రెండో మాట తొందరగా అనేశావు' అనేవాడు. మళ్ళీ అలా మాట్లాడుకోవడం మాకు కుదరలేదు.

సినిమా ఆ శరత్కాలంలో వచ్చింది. మన్సూరాలో పోస్టరు అంటించారు. ఎక్కడో కాదు, కొట్టుకు ఎదురుగా ఉన్న గోడ మీద. అక్క వేషం వేసినావిడ మొహం పెద్దది, నాది కింద మూలన. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని రోడ్డు దాటి వెళ్ళి చూసి వచ్చాడు. ఇంటికొచ్చి అందర్నీ పిలిచాడు.

'ఆ గోడ మీదున్నది ఎవర్రా?'

అన్నయ్య ఒక్క క్షణం ఆలోచించలేదు. 'దౌలతే నాన్నా. నేనే తీసుకెళ్ళా. రానంటే బలవంతం చేశా.'

నేను నోరు తెరిచాను. అన్నయ్య నా వైపు చూసిన చూపుకు మళ్ళీ మూసుకున్నాను.

'అయితే నువ్వు గడప దాటు. ఈ సంగతి ఎప్పుడన్నా ఎవరి దగ్గరన్నా నోరు జారావో, ఇది కూడా ఈ ఇంట్లో ఉండదు' అన్నాడు నాన్న.

అన్నయ్య ఇల్లు వదిలింది 'కొట్టు గొడవ' వల్లని నీకు అందరూ చెప్పింది ఇదే. ఆయన నీ దగ్గర దాచింది తన సంగతి కాదు వదినా, నాది. ఇచ్చిన మాట నాన్న పోయాక కూడా వదల్లేదు. దిండును ఇక కొట్టకు.

ఆ వారమే యుద్ధం వచ్చింది. దీపాల వెలుగు పైకి కనపడకూడదని ఊళ్ళో అందరూ కిటికీ అద్దాలకు నీలం రంగు పూశారు. మా ఇంట్లో ఆ పని నాకు పడింది. అన్నయ్య సంచి పట్టుకుని వీధి మలుపు తిరుగుతుంటే, ఇంకా రంగు పూయని ఆఖరి అద్దంలోంచి చూశాను. తర్వాత దానికీ పూశాను. సినిమా హాళ్ళు మూశారు. వారం ఆడలేదన్నది అందుకే. పోస్టరు మీద సైనికుల బొమ్మలు అంటించారు. మరుసటి ఏడు వసంతానికి నన్ను హాజీగారికిచ్చి చేశారు. ఆయన మంచి మనిషి. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయనకు తెలియదు, అంతే.

నేనా సినిమా చూడలేదు. ఇప్పటిదాకా. ఆ పాటలన్నీ నా ఎదుటే తీశారు కాబట్టి పాటలెక్కువని తెలుసు. నాన్న పోయినప్పుడు వచ్చిన అన్నయ్య వంటింట్లో నీళ్ళు తాగే నెపంతో నా పక్కకొచ్చి, 'అలెగ్జాండ్రియాలో చూశా. బాగా చేశావే' అన్నాడు. అప్పుడే నువ్వు గ్లాసుల కోసం లోపలికి వచ్చావు. టీవీలో పాత సినిమా వేస్తుంటే ముందు పేర్లన్నీ చదివి, అది కాదని తేలాకే కూర్చుంటాను.

హాజీగారు మసీదు కమిటీలో ఉన్నారు. నజ్లా ఆడపిల్లలకు పాఠాలు చెబుతోంది. యాభై దగ్గరపడ్డాక నేను మళ్ళీ గోడకెక్కలేను. దాన్ని వెయ్యొద్దని చెప్పు వదినా. ఇది కోపంతో అడగడం లేదు, బతిమాలుతున్నాను.

దౌలత్


అలెగ్జాండ్రియా
జనవరి 1987

దౌలత్‌కి,

వెయ్యలేదు. నీ ఉత్తరం అందిన రోజే లబీబ్ గారి దగ్గరికి వెళ్ళాను. 'ఆ సినిమా వద్దండి. కారణం అడక్కండి' అన్నాను. ఆయన కాసేపు టీలో చెంచా తిప్పి, 'రీళ్ళు బాగా పాడైపోయాయని అందరికీ చెబుతాలే. అబద్ధం కూడా కాదు' అన్నారు.

మొన్న గురువారం సమావేశం జరిగింది. వాన కురుస్తున్నా హాలు నిండింది. నా వంతు వచ్చి లేచాను. మీ అన్నయ్య కోసమని కూడబెట్టిన నాలుగు పేర్లు నోటికి వచ్చే ఉన్నాయి. మొదటిది లేకుండా ఆయన అయిదు ఎలా చెప్పను? అది ఆయన లెక్క కాదు, నా అబద్ధం అవుతుంది. అందుకని, 'షౌకీ అయిదు షౌకీతోనే ఉన్నాయి. నావి చెబుతాను, వింటారా?' అన్నాను.

చెప్పాను. 'ఉప్పు గాలి' మొదట. ఎవరూ మాట్లాడని ఆ గాలి కోసం. 'అమ్మమ్మ కేసు' రెండు. ఆ ముసలావిడ అబద్ధం చెబుతూ చేతిసంచి మూత బిగించుకోవడం కోసం. 'తప్పిపోయిన పెళ్ళికొడుకు' మూడు. నవ్వు వచ్చింది కాబట్టి, అంతకంటే కారణం లేదు. నాలుగోది 'సాయంత్రపు ట్రాం', కథ ఏమీ లేదు, మా ఊరు బాగా కనపడుతుంది. అయిదోది చెప్పకుండా, నచ్చనిది చెప్పాను. 'హలో, ఎక్స్చేంజ్' నాకు బొత్తిగా నచ్చలేదని, ఇన్నేళ్ళూ మా ఆయన కోసం ఊరుకున్నానని. 'గొంతు విని ప్రేమలో పడిందట! టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను విన్నవి గొంతులే. ఒక్కదాన్ని కూడా ఇంటికి భోజనానికి పిలవాలనిపించలేదు' అన్నాను. హాలంతా గొల్లుమంది. ఓడరేవు ఆయన ఆ సినిమా నా అయిదులో ఉందండీ అని లేచాడు. మందుల షాపాయన నా పక్షం పట్టాడు. గంటసేపు కొట్టుకున్నాం. ఇంటికొచ్చాక గొంతు బొంగురుపోయింది. టీ ఒక్క గ్లాసే పెట్టుకున్నాను.

అందరి జాబితాలూ క్లబ్బు పత్రికలో వేస్తారు. మీ అన్నయ్య పేరు వేసి కింద ఖాళీ ఉంచుతున్నారు.

రీళ్ళు వచ్చే వారం కైరోకు వెళ్ళిపోతాయి. ఫిల్ము ముడుచుకుపోతోందని, ఇంక ఎవరికీ ఇవ్వమని గోదాము మనిషి అన్నాడట. మంగళవారం పొద్దున హాలు తాళం నా దగ్గర ఉంటుంది. మిషను అతను పైన గదిలో ఉంటాడు. వాడికి కింద కూర్చున్నది ఎవరో ఒక పెద్దావిడ.

నిన్ను రమ్మనడం లేదు. తాళం ఉందని చెబుతున్నాను.

ఇన్షిరాహ్


మన్సూరా
ఫిబ్రవరి 1987

వదినా,

ఆ మంగళవారం నేను వస్తే, నన్ను హాల్లో ఒక్కదాన్నే కూర్చోబెట్టి నువ్వు బయట మెట్ల మీద కూర్చున్నావు. నేను బయటికొచ్చాక, 'చేపలు వేయించనా, కూర వండనా?' అని తప్ప ఒక్క మాట అడగలేదు. అడక్కపోయినా, ఇప్పుడు చెబుతున్నాను.

గంపతో మెట్లెక్కి వచ్చిన ఆ పిల్ల ఇటు తిరగ్గానే నేను కుర్చీలోంచి సగం లేచాను. నజ్లా అనుకున్నాను. నా మొహం నాకు గుర్తే లేదు, నా కూతురి మొహమే గుర్తుకొచ్చింది. అది నేనేనని సర్దుకునేసరికి ఒక పాట అయిపోయింది.

ఇక మిగతాదంతా మామూలుగానే చూశాను, నీతో ట్రాములో వాదించడానికి చూసినట్టు. మేడ మీద పాటలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో దుమ్ము దులుపుతున్నాను. ఇంజనీరుతో మాట్లాడే చోట గొంతు పిల్లికూనలా ఉంది. రెండో మాట నిజంగానే తొందరగా అనేశాను. ఇస్త్రీ చోట మాత్రం బాగుంది. దర్శకుడు ఏడవమన్నాడు. 'ఇస్త్రీ చేస్తున్న బట్ట మీద కన్నీళ్ళు పడనిస్తామా అండీ? నన్ను పని చేసుకోనివ్వండి' అన్నాను. ఆయన సరేనన్నాడు. అది నాదే, ఎవరూ నేర్పింది కాదు. నేనా పని చెయ్యగలిగేదాన్ని వదినా. అది తెలియడం మంచిదయిందో కాదో ఇంకా తేల్చుకోలేదు. రైల్లో వస్తున్నంతసేపూ ఆలోచించాను. తంతాలో బండి మారడం మర్చిపోయేదాన్నే.

నజ్లాకు చెప్పాను. ములూఖియా ఆకు తరుగుతున్నది ఆగి, 'నువ్వా? నువ్వా అమ్మా?' అని నాలుగుసార్లు అంది. తర్వాత లోపలికెళ్ళి ఇస్త్రీ పెట్టె, తన చొక్కా తెచ్చి, 'ఏదీ, చేసి చూపించు' అంది. 'నీ బట్టలు నువ్వే చేసుకోవే, నేను ఆ పని మానేశా' అన్నాను. నవ్వి నవ్వి, ఆపైన ఏడ్చింది.

ఇప్పుడు నా అయిదు. నన్ను క్లబ్బులో ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. 'అమ్మమ్మ కేసు', 'దీపం లేని రేవు', 'తప్పిపోయిన పెళ్ళికొడుకు', 'సాయంత్రపు ట్రాం', నిన్ను ఉడికించడానికి 'హలో, ఎక్స్చేంజ్'. 'నది వైపు కిటికీ' నా అయిదులో లేదు. మంచి సినిమా కాదది. కెమెరా ఎక్కడ పెట్టాలో ఆ దర్శకుడికి తెలియదు, పాట మొదలైతే ఎలా ఆపాలో అసలు తెలియదు.

అన్నయ్య అయిదులో మాత్రం అది మొదటిది. ఆయన అలాగే చెప్పాడు. ఆయన పేరు కింద ఖాళీ ఉంచొద్దని లబీబ్ గారికి చెప్పు. అది వేసి, పక్కన 'చెల్లెలి వేషంలో దౌలత్' అని వెయ్యమను. షాహినాజ్ వద్దు. నాకా పేరు ఎప్పుడూ నచ్చలేదు.

ఈ మాట రాసే ముందు హాజీగారికి చెప్పాలి కదా. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, పోస్టరుతో సహా. ఆయన లేచి చెయ్యి కడుక్కుని మసీదుకు వెళ్ళిపోయారు. మర్నాడంతా మాట లేదు. నజ్లా నా మొహం చూడ్డం, నేను గోడ చూడ్డం. పిలిస్తే పలకకపోతారేమోనని టీ కూడా నజ్లా చేతే పంపించాను.

నిన్న మళ్ళీ భోజనాల దగ్గర, తల వంచుకునే, 'అయితే షౌకీది కొట్టు గొడవ కాదన్నమాట' అన్నారు.

'కాదండి.'

'పాపం, ఆయన్ను నేను కూడా ఎన్నో అనుకున్నా' అన్నారు. ఇంకో రొట్టె తీసుకుంటూ, 'ఆ సినిమాలో ఆఖరికి నిన్ను చంపేశారా?' అని అడిగారు.

'లేదండి. బతికే ఉంటా. అక్క పెళ్ళి కాగానే రైలెక్కి వెళ్ళిపోతా.'

'ఎక్కడికి?'

'సినిమాలో చెప్పలేదండి.'

'అదేం సినిమా? ఆడపిల్లను ఒంటరిగా రైలెక్కించి, ఎక్కడికి వెళ్ళిందో చెప్పొద్దూ?' అన్నారు, రొట్టె తుంచి కూరగిన్నె నా వైపు జరుపుతూ.

నీ ఆడపడుచు
దౌలత్